అక్కను కూర్చోబెట్టిన ఎండ

ప్రభువునందు ప్రియమైన సహోదర సహోదరీలారా, నా సాక్ష్యం నా జబ్బుతో మొదలు కాదు, మా అక్క చావుతో మొదలవుతుంది. ఓపిక పట్టి వినండి.

మాది గద్వాలలో మగ్గాల ఇల్లు. నాన్న లేడు, అమ్మా మేమిద్దరం ఆడపిల్లలం. అక్కను నాగర్‌కర్నూల్‌కు ఇచ్చాం. పెళ్ళయిన కొన్నాళ్ళకే వేళ్ళ కణుపులు వాచి, ముక్కుకు రెండు పక్కలా చెంపల మీద ఎర్రటి మచ్చ లేచి, జ్వరం వస్తూ పోతూ ఉంటే అత్తగారు పుట్టింటికి పంపేశారు. మా వీధిలో నోరున్న ప్రతివాడూ వైద్యుడే కదా, ఒకరు వాతమన్నారు, ఒకరు దిష్టి అన్నారు, ఇంకొకరు గాలి సోకిందన్నారు. అమ్మ అందరి మాటా విని, తనకు తెలిసిన వైద్యమే చేసింది. రోజూ పొద్దెక్కగానే వాకిట్లో చాప పరిచి, అక్క ఒళ్ళంతా నువ్వుల నూనె రుద్ది, కీళ్ళకు వేడి పట్టాలని ఎండలో కూర్చోబెట్టేది. మంటగా ఉందని అక్క ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంటే, ఆ కొంగు తీసి మరీ నూనె రాసేది. చివరికి కాళ్ళు ఉబ్బి, మూత్రం బందై, వనపర్తి దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే అక్క కన్ను మూసింది. అయ్యో, ఎంత చిన్న వయసు!

కొంతకాలానికి అదే మచ్చ నా ముఖం మీద లేచింది. అద్దంలో చూసుకుని నేను ఏడవకముందే అమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. ఇక నా వంతు వచ్చిందనుకున్నాను, పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు లేరు, మా ఇంట్లో నీళ్ళు తాగేవాళ్ళు లేరు. అప్పుడు మా ఇంటికి వచ్చింది మన మందిరం పాస్టరమ్మ ఒక్కతే. నా తల మీద చేయి పెట్టి ప్రార్థించి, ప్రార్థన చేద్దాం, హైదరాబాద్ బస్సు కూడా ఎక్కుదాం, రెండూ దేవుడు ఇచ్చినవే అన్నది. ఆమె ఆ రెండో మాట అనకపోతే ఈ రోజు నేను మీ ముందు ఉండేదాన్ని కాదు.

హైదరాబాద్ పెద్ద దవాఖానలో డాక్టరు గారు నా చేతులు తిప్పి తిప్పి చూసి, ఏ రోజు ఎక్కువవుతుందని అడిగారు. అమ్మ చెప్పింది.

"పడుగు సాపిన దినం సారు. పొద్దుగాల బజార్ల దారాలన్ని సాపి గంజి పెడ్తం గద, ఆ దినం మాపటికి దీనికి జరమొస్తది. లోపల మగ్గం గుంతల కూసోని నేసిన దినం గంత గాదు."

ఆయన రాయడం ఆపి అమ్మ వైపు చూశారు. దీన్ని లూపస్ అంటారనీ, రోగాలతో కొట్లాడాల్సిన మన ఒంట్లోని శక్తే దారి తప్పి, సొంత ఒంటినే శత్రువనుకుని కీళ్ళనూ చర్మాన్నీ కిడ్నీలనూ కొడుతుందనీ, ఎండ తగిలితే అది రేగుతుందనీ చెప్పారు. ఇక మీద ఈ అమ్మాయిని ఎండలో ఉంచకండి అన్నారు.

తిరుగు బస్సు బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన ఎక్కింది. ఆ వంతెన మీద కిటికీలోంచి నదిలో రూపాయి వేసి దండం పెట్టడం అమ్మకు అలవాటు. ఆ రోజు రూపాయి పిడికిట్లోనే ఉండిపోయింది.

"అంటే, పెద్దదాన్ని నేనే ఎండల పెట్టి సంపుకున్ననా బిడ్డా?"

సహోదరులారా, ఆ మాట నన్ను ఇప్పటికీ కోస్తుంది.

మందులతో నేను కోలుకుంటుంటే అమ్మ ఎండిపోయింది. కంచం ముందు కూర్చుని లేచిపోయేది, వాకిట్లో అడుగు పెట్టేది కాదు, ఊరికే తన రెండు చేతులూ చూసుకునేది. నా ఒంటి కోసం చేసే ప్రార్థన మానేసి నేను ఇలా మొరపెట్టుకున్నాను: "ప్రభువా, నా మచ్చ ఉంటే ఉండనీ. మా అమ్మ మీది బరువు దించు. ఆమెకు తెల్వక చేసింది. నీకు తెల్సు గద తండ్రీ."

మరుసటి ఏడు డాక్టరు గారు ఒక సంగతి చెప్పారు. ఈ జబ్బు కొన్ని ఇళ్ళలో అక్కచెల్లెళ్ళకు ఎందుకు వస్తుందో పరిశోధన చేస్తున్నారట, ఇష్టమైతే నా రక్తం, అమ్మ రక్తం కొంచెం ఇవ్వాలట, దానివల్ల ఇప్పుడు మాకు ఒరిగేదేమీ లేదని కూడా ఆయనే చెప్పారు. అమ్మ ఆయన ముఖంలోకి చూసింది.

"నేను ఎండల పెట్టకపోతే నా పెద్ద బిడ్డ బతుకుతుండెనా సారు?"

ఆయన అబద్ధం చెప్పలేదు. "ఎండ జబ్బును రేపుతుందమ్మా, పుట్టించదు. మందు లేకుండా ఆ అమ్మాయి బతికేదో లేదో నేను చెప్పలేను. ఈ జబ్బు అసలు ఎందుకు వస్తుందో మాకే ఇంకా పూర్తిగా తెలియదు, తెలుసుకోవడానికే ఈ రక్తం."

"మీకు గూడ తెల్వదా?" అన్నది అమ్మ. తర్వాత నాకంటే ముందే చేయి చాపింది. "తీస్కో సారు. నా పెద్దదానికి అక్కరకు రాలె. ఎవరి బిడ్డకన్న అక్కరకు రానీ."

ఆ రోజు వంతెన మీద అమ్మ రూపాయి నదిలో వేసి, అక్క పేరు పెట్టి ఏడ్చింది. అక్క పోయాక ఆ పేరు ఆమె నోట వినడం అదే మొదలు. ఇంటికొచ్చి అన్నం అడిగి తిన్నది. నా ప్రార్థన విన్న దేవునికే మహిమ!

నాకు జబ్బు పోలేదు. మాత్రలు ఉన్నాయి, కొన్ని తెల్లవారుజాములు వేళ్ళు ముడుచుకోవు, అక్క తిరిగి రాదు. అయినా బిడ్డను చంపానన్న నింద నుండి మా అమ్మను విడిపించినవాడు మిమ్మల్ని విడువడు, ఆయనను నమ్మండి. మీ ఇంట్లో ఆడబిడ్డకు చెంపల మీద మచ్చా, కీళ్ళ నొప్పీ ఉంటే మోకాళ్ళూనండి, దవాఖానకూ తీసుకుపోండి.

అమ్మ ఇంకా మందిరం లోపలికి రాదు, ఆమె మొక్కులు ఆమెకున్నాయి. కానీ ప్రతి ఆదివారం గుమ్మం దాకా గొడుగు పట్టి నన్ను తీసుకొచ్చేది ఆమే. గొడుగంతా నా మీదికే వంచి, తాను ఎండలో నడుస్తుంది.