టోకెన్ లేనివాళ్లు

పింఛను ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె మూడో కిటికీ. ఒకటో కిటికీ, రెండో కిటికీ ఏనాడో మూతపడ్డాయి. వాటి వెనక ఇప్పుడు విరిగిన కుర్చీలు కాపురం ఉంటున్నాయి. "మూడో కిటికీకి జలుబు చేసిందట" అని ముసలివాళ్లు వరండాలో చెప్పుకుంటుంటే కొత్తగా వచ్చినవాళ్లు బిత్తరపోయేవారు.

ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు ఆమెది. ఇంకో పద్నాలుగు నెలలైతే తనూ కిటికీకి అవతలి పక్కకు చేరుతుంది. భర్త దర్జీ. చూపు మందగించి మిషను తొక్కడం మానేసి నాలుగేళ్లయింది. ఆ ఇల్లు ఇవాళ నడిచేది ఆమె జీతం మీద, రేపు నడవాల్సింది ఆమె పింఛను మీద.

ఆరేళ్ల కిందట గేటు దగ్గర టోకెన్ యంత్రం ఒకటి వెలిసింది. ఏ మహానుభావుడు తయారు చేశాడో గాని, అది వరసగా నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. ఒక్కదానికి జవాబు ఆలస్యమైనా మళ్లీ మొదటికి పోతుంది. డెబ్భై ఏళ్ల వేళ్లు మూడో ప్రశ్న దాటేవి కావు. వారం రోజులు ఓపిక పట్టాక ఆమెకు ఒళ్లు మండింది. "ఆ దిక్కుమాలినదాన్ని వదిలేసి వచ్చి బెంచీ మీద కూర్చోండి" అంది. ఆనాటి నుంచి తనే వరండాలోకి వచ్చేది. బతికే ఉన్నామని ఏటా ఇచ్చుకోవాల్సిన పత్రాలు, భర్త పోయాక భార్య పేరు మీదకు మార్చుకునే దరఖాస్తులు, ఒక్క అక్షరం తేడా వచ్చి ఆగిపోయిన పింఛన్లు, అన్నీ ఒళ్లో అట్ట పెట్టుకుని అక్కడే రాసిపెట్టేది. రోజుకు యాభై మందికి తగ్గేవారు కాదు. యంత్రం నుంచి వచ్చే టోకెన్లు మాత్రం తొమ్మిదో పదో. సాయంత్రం రిజిస్టరులో ఆ తొమ్మిదే ఎక్కించేది. దానివల్ల ఎవరికేం నష్టం అనుకుంది.

నష్టమేమిటో పెద్దాఫీసు నుంచి వచ్చిన ఉత్తర్వు చెప్పింది. రోజుకు సగటున నలభై టోకెన్లు లేని కిటికీలను నెలాఖరుకు మూసేస్తారు. ఆపైన పనులన్నీ ఫోనులో చేసుకోవాలి, లేదంటే రెండు బస్సులు మారి పెద్దాఫీసుకు వెళ్లాలి. చివరిసారిగా ఒక అధికారి వచ్చి మూడు రోజులు కూర్చుని లెక్క చూస్తాడు. ఉత్తర్వు వెనక జతచేసిన రిజిస్టరు పేజీల నకళ్లలో అంకెలన్నీ ఆమె చేతిరాతే.

సూపరింటెండెంటు వయసులో ఆమెకన్నా చిన్నవాడు. చెడ్డవాడు కాదు గాని, తన నీడకు తనే జడిసే రకం.

"నిజం రాసిస్తానండీ, టోకెన్ లేకుండా చేశానని" అంది ఆమె.

"రాయండి. రూలు తప్పానని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. ఎంక్వైరీ వేస్తారు. అది తేలకుండా రిటైరైతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా మేడమ్?"

చెప్పనక్కర్లేదు. అలా ఆగిపోయిన ఫైళ్లు ఆమె చేతుల మీదుగానే వెళ్లాయి. ఒకాయన ఫైలు తేలే నాటికి ఆయనే లేడు. నోరు మూసుకుంటే కిటికీ పోతుంది, నోరు విప్పితే పింఛను పోతుంది.

ఇక ఒక్కటే దారి మిగిలింది. వరండాలో అందరికీ పెద్ద దిక్కు, రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన ఉన్నాడు. ఆయన గొంతు వింటే జనం ఇప్పటికీ తెలియకుండానే ముందుకు జరుగుతారు. ఆయన్ని పక్కకు పిలిచింది.

"బాబాయ్, సోమవారం నుంచి మూడు రోజులు చెకింగ్ ఉంది. ఒక్కరు కూడా టోకెన్ లేకుండా కనపడకూడదు. అందరికీ చెప్పండి."

"చెకింగా? నాకు చెప్పావుగా తల్లీ, ఇంక గుండె మీద చెయ్యేసుకుని పడుకో."

కిటికీ మూసేస్తారన్న మాట ఆమె ఎత్తలేదు. ముసలి ప్రాణాలు హడలిపోతాయని దాచింది.

సోమవారం అధికారి వచ్చాడు. నడుం నొప్పికని వెంట దిండు తెచ్చుకున్న మెత్తటి మనిషి. బెంచీలు ఖాళీగా ఉన్నాయి. సాయంత్రానికి నాలుగు టోకెన్లు. ముసలివాళ్లు కదా, రేపు వస్తారులే అనుకుంది. మంగళవారం మూడు. ఆమె సీట్లోంచి లేస్తే చాలు, అధికారి గడియారం చూసి రాసుకుంటున్నాడు. అద్దం వెనక ఊపిరాడక కూర్చుంది. ఐదు కొట్టగానే కండక్టరు ఇంటికి పరుగెత్తింది.

ఆయన గుమ్మంలోనే నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఒక్క పురుగునైనా రానిచ్చానా?"

"ఎందుకు బాబాయ్?"

"స్క్వాడ్ సంగతి నాకు తెలీదా తల్లీ? ఆసుపత్రికి పోయే నలుగురు ముసలాళ్లని జాలిపడి టిక్కెట్టు లేకుండా ఎక్కించుకున్నందుకు నన్ను ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చోబెట్టారు. మనవాళ్లలో సగం మందికి ఆ యంత్రం నొక్కడం రాదు. టోకెన్ లేకుండా ఒక్కడు దొరికినా మునిగేది నీ కొంపే. బండి ఖాళీగా ఉంటే ఏ స్క్వాడైనా ఏం చేస్తుంది? ఆసుపత్రిలో ఆయాగా చేసిన ముసలమ్మకి పింఛను ఆగిపోయి రెండు నెలలైందా, మందులు కూడా లేవు. అయినా నీ కోసం కదల్లేదు."

ఆమెకు కోపం తన్నుకొచ్చింది, ఆయన మీద కాదు, తన మీదే. సగం చెప్పి సగం దాచిన నోటిని ఏం చేసినా పాపం లేదనిపించింది.

"జనం రావట్లేదనే కిటికీ మూసేస్తామంటున్నారు, బాబాయ్."

కండక్టరు చెప్పులు వేసుకుని, ఆమె కంటే ముందే వీధిలోకి దిగాడు.

బుధవారం గేటు తీసేసరికే వరండా నిండిపోయింది. యంత్రం పక్కన కండక్టరు నిలబడి, ఒక్కొక్కరి వేలు పట్టుకుని నొక్కించాడు. అరవై నాలుగు టోకెన్లు. అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంతమంది ఇన్నాళ్లూ ఎక్కడున్నారమ్మా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

ఆమె సూపరింటెండెంటు వైపు చూసింది. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నాడు.

నాలుగు గంటలకు అధికారి కాగితం ముందుకు జరిపాడు. మూడు రోజుల సగటు ఇరవై నాలుగుకు కూడా చేరలేదు. అడుగున ఖాళీగా ఒక గడి ఉంది: సిబ్బంది చెప్పదలచుకున్నది.

"ఏదైనా ఉంటే రాయండి. ఉన్నదున్నట్టు పైకి పంపిస్తాను."

ఆమె పెన్ను తీసింది. అద్దం అవతల ఆయా ఇటే చూస్తోంది. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కోసం బల్లంతా తడుముకునే భర్త చెయ్యి గుర్తొచ్చింది. అధికారి తొందరపెట్టలేదు, తొందరపెట్టినా బాగుండేది. చివరికి ఆ గడిలో "ఏమీ లేదు" అని రాసి సంతకం పెట్టింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఆయన దిండు చంకన పెట్టుకుని వెళ్లిపోయాక కండక్టరు అద్దం దగ్గరకు వచ్చాడు.

"గట్టెక్కామా తల్లీ?"

"నేను గట్టెక్కాను, బాబాయ్."

ఆయన ముఖం వెలిగిపోయింది. వెనక్కు తిరిగి, బస్సంతటికీ వినపడే గొంతుతో, "మన అమ్మాయి గట్టెక్కింది!" అని కేకేశాడు. బెంచీల మీద ముసలివాళ్లంతా నవ్వారు. ఆయా కర్ర పట్టుకుని మెల్లగా లేచి వచ్చి, కిటికీ కంతలోంచి తన కాగితం లోపలికి తోసింది.

"పై నెల ఏ తారీఖున రమ్మంటావమ్మా?"