వానల్లో వీడియో గేమ్ పెట్టెకు రంగు

రెండు వేల సంవత్సరం జూలైలో నేను బోయిన్‌పల్లిలోని ఒక ఫర్నిచర్ కార్ఖానాలో పెయింట్ సెక్షన్ ఫోర్‌మన్‌గా ఉన్నాను. ఫోర్‌మన్ అంటే ఓనర్‌కు కింద, పెయింటర్లకు పైన ఉండి, ఇద్దరి చేతా తిట్లు తినే హోదా. నగరమంతా సాఫ్ట్‌వేర్ ఆఫీసులు లేస్తున్న రోజులవి. వాళ్లకు కావలసిన టేబుళ్లన్నీ సన్‌మైకా అంటించినవే. ఇక రంగు వేసేవాడితో పనేముంది? మా ఓనర్ నర్సింగరావు గారు ఆ మాట మొహం మీదే అనేశారు.

"డేవిడ్, ఈ నెల చూస్త. పని రాకుంటె నీ సెక్షన్ బంద్. నువ్వు పరేషాన్ గాకు, నిన్ను స్టోర్‌ల ఏస్త. మిగిలినోళ్ల సంగతి నేన్జెప్పలేను."

మిగిలినవాళ్లంటే మస్తాన్, అతని కింద ముగ్గురు పెయింటర్లు. మస్తాన్ లారీ బాడీల మీద బ్రష్ పట్టి పైకొచ్చినవాడు. వాళ్లను రోడ్డు మీద వదిలి నేను స్టోర్‌లో మేకులు లెక్కపెట్టుకోవాలా? నాకు ఒళ్లు మండింది.

అలాంటి సమయంలో వచ్చింది ఆ పెట్టె. చిలకలగూడలో మూతపడిన వీడియో గేమ్ పార్లర్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ దాన్ని కొన్నది. కొత్త ఆఫీసు ప్రారంభం నాటికి దాన్ని ముందరి హాల్లో నిలబెడతారట. మనిషెత్తు ప్లైవుడ్ పెట్టె. తెర, మీటలు బాగానే ఉన్నాయి. రెండు పక్కలే నాశనమయ్యాయి. ఆనుకొని నిలబడ్డవాళ్ల జిడ్డు, సిగరెట్ మచ్చలు, నేల కడిగిన నీళ్లకు ఉబ్బిన అడుగు. గోడవైపున్న పక్క మీద మాత్రం ఎర్ర రాకెట్ బొమ్మ కాస్త మిగిలింది. అది బాగైతే సెక్షన్ ఉంటుందని, లేకపోతే దానికీ సన్‌మైకా అంటించి పంపేస్తానని ఓనర్ తేల్చేశారు.

ఇలాంటి పనిలో ముందు బొమ్మ నకలు తీసుకోవాలి, ఆ తర్వాతే పాత రంగు గీకాలి. పల్చటి కాగితం మీద రాకెట్ గీత తీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచాం. తర్వాత బొగ్గుపొడి మూట అద్దితే బొమ్మ చెక్క మీదికి దిగుతుంది. కాగితం తిప్పి అద్దితే రెండో పక్క రాకెట్ కూడా ఆడేవాడి వైపే చూస్తుంది. ఉబ్బిన అడుగు కోసేసి కొత్త ముక్క అతికించాం. గుంటలు పూడేలా లప్పం పెట్టి, ఆరాక రుద్ది, ప్రైమర్ వేశాం. ఇక స్ప్రే గన్‌తో, ఇట్టే ఆరిపోయే లక్కర్ రంగు కొట్టడమే తరువాయి. అప్పుడు పట్టింది ముసురు.

"ఏందీ, ఇంక షురూ జెయ్యలె?" అని ఓనర్ కేకలు. ఈ తేమలో కొట్టను అన్నాను. ఆయన నమ్మలేదు. సరే, చూడండి అని ఒక ప్లైవుడ్ ముక్క మీద ఆయన ఎదుటే గన్ కొట్టించాను. ఎర్ర రంగు కళ్ల ముందే పాలు ఒలికినట్టు తెల్లబారింది. తేమ రంగులో చిక్కుకుంటే అంతే. దానికి విరుగుడుగా, రంగును నెమ్మదిగా ఆరనిచ్చే స్లో థిన్నర్ కూడా కలిపి చూపించాను. తెలుపు తగ్గింది, పోలేదు. ఆయన మొహమూ అదే రంగుకు తిరిగింది.

"మరెట్ల?"

"ఎనామెల్ సార్. బ్రష్‌తో."

"బ్రష్ గీతలు కనబడవాయ్య?"

"కనబడితే మీ సన్‌మైకా నేనే అంటిస్తాను" అన్నాను. మస్తాన్ నా వంక చూసి, "అన్నా, జెర తగ్గు" అని గొణిగాడు.

ఎనామెల్ తేమకు తెల్లబారదు గానీ ఆరడానికి మొరాయిస్తుంది. చుట్టూ బల్బులు వేలాడదీసి కోటు తర్వాత కోటు ఆరబెట్టాం. ప్రతి కోటునూ నీళ్లలో తడిపి రుద్దే గరుకు కాగితంతో అద్దంలా చదును చేశాం. చివరి కోటు నాడు నేల తడిపి, ఫ్యాను ఆపి, మస్తాన్‌ను తప్ప అందరినీ బయటికి పంపాను. ఓనర్ గొడుగు పట్టుకొని వచ్చారు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"లోపలికొస్తే దుమ్ము లేస్తుంది సార్."

"గీ కార్ఖానా నాదయ్యా!"

"మీదే సార్. ఈ గది మాత్రం ఇప్పుడు మస్తాన్‌ది."

వాన కొడుతుంటే ఆయన బయటే నిలబడ్డారు. పాపం, మంచివాడే. లోపల మస్తాన్ ఊపిరి బిగబట్టి, పై నుంచి కిందికి బ్రష్ కొసతో ఒకే తీరున దిద్దుతూ వచ్చాడు. అది ఆరాక చిల్లుల కాగితం మీద బొగ్గుపొడి అద్ది, రెండు పక్కలా ఎర్ర రాకెట్ వేశాడు.

పెట్టె చూసుకోవడానికి కంపెనీ తరఫున జ్యోతి గారు వచ్చారు. పని తెలిసిన మనిషి. ఎదురుగా చూడలేదు. కిటికీ వెలుతురుకు ఏటవాలుగా వంగి చూశారు. లోపం ఎక్కడున్నా అలా చూస్తేనే బయటపడుతుంది. రెండు పక్కలూ చూసి, చేత్తో తడిమి, "మీ స్ప్రే బూత్ ఎక్కడుందండీ? ఒకసారి చూడొచ్చా?" అన్నారు. గన్‌తో కొట్టిన రంగే అనుకున్నారావిడ.

"అదుగోనండీ, టీ తాగుతున్నాడు" అని మస్తాన్‌ను చూపించాను.

అంత గర్వం నాకు సర్వీసులో మళ్లీ కలగలేదు. ఆమె ఇంకో హాలు తలుపుల పని కూడా మాకే ఇచ్చి వెళ్లారు. ఓనర్ పొగడలేదు. "సెక్షన్ నడువనీ" అని మాత్రం అన్నారు. నేను రిటైరయ్యే దాకా నడిచింది, ఇప్పటికీ మస్తాన్ దాన్ని నడుపుతున్నాడు.

రంగు వేయడం ఎవరికైనా నేర్పొచ్చు. ఎప్పుడు వేయకూడదో తెలిసి, జీతమిచ్చేవాడి మొహం మీద 'వేయను' అనగలిగినవాడే ఫోర్‌మన్.