నాలుగో రాడ్డు

భూమి లోపల ఇనుమును దాచి, దాన్ని కరిగించే నిప్పునూ, గీకి నునుపు చేసే చేతినీ మనుషులకిచ్చిన దేవునికి స్తోత్రం. మూత బిగించిన తర్వాత కూడా లోపలున్నది చూడగలిగినవాడు ఆయనొక్కడే గనుక ఆయనకే మహిమ. నేను రాయబోయేది ఆయనకు ముందే తెలుసు. నేను దాచినన్నాళ్ళూ ఓర్చుకున్నాడు. అందుకు మరీ స్తోత్రం.

గుడివాడలో పామర్రు వెళ్ళే రోడ్డు పక్కన మాకు ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉంది. మాకు అంటే నాకూ, మా బావకూ. ఆయన మా అక్క భర్త. ఇల్లు బందరులో. ముప్పై ఏళ్ళుగా పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్ళేవాడు. ఆదివారం కూడా అక్కను వెంటబెట్టుకుని గుడివాడకే వచ్చేవాడు, మా సంఘంలో ఆరాధనకు.

షెడ్డులో విప్పడం, బిగించడం నా పని. బేరింగుల పని ఆయనది. ఇప్పటి బండ్లకు బేరింగులు డబ్బాల్లో దొరుకుతాయి. పాతకాలపు ఇంజన్లకు అలా దొరకవు. తగరం కలిసిన మెత్తటి తెల్లలోహం కరిగించి, పిస్టన్ని క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు అడుగున ఉన్న గుండ్రంలో పొయ్యాలి. చల్లారాక క్రాంకుకు నీలం రంగు పూసి, రాడ్డు అమర్చి తిప్పి, ఎక్కడ రంగు అంటిందో అక్కడ చేత్తో గీకాలి. మళ్ళీ అమర్చాలి, మళ్ళీ గీకాలి. ఒక్కో రాడ్డుకు ఒక రోజు పడుతుంది. లోహం కాగిందో లేదో చూడటానికి బావ చీపురు పుల్ల ముంచేవాడు. పుల్ల నల్లబడాలి, మండకూడదు. బందరు నుంచి అవనిగడ్డ దాకా ఈ పని తెలిసినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. గర్వంగా ఎప్పుడూ చెప్పలేదు గానీ, ఆయనకున్న ఆస్తి అదే.

బంటుమిల్లి వైపు రొయ్యల చెరువులున్న ఒక రైతు ఒకరోజు మా దగ్గరకొచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. చల్లపల్లి దాటాక దివిసీమలో ఎక్కడో పాత రైస్ మిల్లు షెడ్డులో తెల్లవాళ్ళ కాలంనాటి కారు ఇంజను కొన్నాడట. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను. కారు ఎప్పుడో పోతే, ఇంజన్ని నీళ్ళు తోడటానికి వాడుకుని వదిలేశారు. దానితో ఎలాంటి బండి కట్టించాలో ఫోనులో బొమ్మ చూపించాడు.

"హాట్ రాడ్ అంటారండీ దీన్ని. టాపు పీకేస్తారు. బానెట్టు ఉండదు. ఇంజను బయటికి కనపడాలి. నాకు ఇట్టాంటిది కావాలండి."

బావ ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "బానెట్టు లేకపోతే వానొస్తే ఏం చేస్తావయ్యా?"

"వానలో తియ్యనండి."

"మరి ఎండలో?"

"ఎండలో కూడా తియ్యనండి. మాడిపోతాం."

"అయితే నువ్వు కారు చేయించుకోవట్లేదు. చూసుకోడానికి గుర్రాన్ని కొనుక్కుంటున్నావు."

"గుర్రమే అనుకోండి పెద్దాయనా. కానీ పరుగెత్తాలి."

"పుట్టినప్పుడే పరుగెత్తలేదది. ఇప్పుడీ వయసులోనా!" అని నవ్వాడు బావ. నవ్వుతూనే ఒప్పుకున్నాడు. నాలుగు రాడ్లకూ తెల్లలోహమే. అలాంటి పని మాకు వచ్చి చాలా కాలమయింది.

ఇంజను విప్పితే, చల్లబరిచే నీళ్ళు తిరిగే గదుల్లో గట్టిపడిన ఒండ్రు. బావ దాన్ని వేళ్ళతో నలిపి, "డెబ్బై ఏడు ఉప్పెన మట్టేమోరా" అన్నాడు. దివిసీమలో ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయిన ఉప్పెన అది. ఆ మట్టి తియ్యడానికే వారం పట్టింది. సిలిండర్లు బోరు చేయించాం. వేరే బండి పిస్టన్లు తెచ్చి సరిపోయేలా మార్చాం. ఒత్తిడి పెరగాలని హెడ్డు అడుగు చెక్కించాం. ఇంజను వెనకుండే బరువైన ఫ్లైవీలు చక్రాన్ని లేతు మీద తేలిక చేయించాం. ఒక కార్బురేటరు ఉండాల్సిన చోట రెండు పెట్టాం. అంత పాత ఇనుము మీద ఇంత కొత్త బలం పెడుతున్నాం గనుక అడుగున ఉన్న రాడ్లు గట్టిగా ఉండాలని బావ మళ్ళీ మళ్ళీ చెప్పేవాడు.

ఆ ఏడాదే ఆయనకు కుడి కంటికి శుక్లాల ఆపరేషను అయింది. ఎడమ కంటికి ఇంకా కాలేదు. పని తెచ్చేవాళ్ళు నన్ను పక్కకు పిలిచి అడిగేవారు, "పెద్దాయనకు కనపడుతోందా అండీ?" అని. ఆయనకు వినపడేలాగే అడిగేవారు. "చూపు తగ్గింది గానీ గోరు తగ్గలేదురా బామ్మర్దీ," అనేవాడు నాతో. బేరింగు మీద బొటనవేలి గోరు నడిపించి ఎక్కడ ఎత్తుందో చెప్పేవాడు. ఆయన చెప్పిన చోట నేను రంగు వేసి చూస్తే అక్కడే అంటుకునేది.

మా షెడ్డులో ఒక నియమం ఉంది. మా నాన్న పెట్టింది. మధ్యాహ్నం మూడింటికి ఎక్కడి పని అక్కడ ఆపి ప్రార్థన చెయ్యాలి. యేసు శిష్యులైన అపొస్తలులు ప్రార్థనకు దేవాలయానికి ఎక్కి వెళ్ళిన వేళ అది. ఆ సమయంలో చేతిలో ఏదీ ఉండకూడదు. పానా అయినా, గుడ్డపేలిక అయినా కింద పెట్టి ఖాళీ చేతులతో నిలబడాలి.

ఇంజను అడుగు మూసే రోజు అది బల్ల మీద బోర్లా ఉంది. ఒక్కో రాడ్డుకు రెండు నట్లు. నట్టు బిగించాక దాని గాడిలోంచి స్ప్లిట్ పిన్ను దూర్చి, పిన్ను కాళ్ళు రెండూ విడదీసి వంచాలి. అదురుకు నట్టు వదులు కాకుండా పట్టి ఉంచేది ఆ పిన్నే. ఎనిమిది పిన్నుల్లో ఆరు వేశాను. నాలుగో రాడ్డువి రెండూ నా అరచేతిలో ఉన్నాయి. బావ చెయ్యి తుడుచుకుంటూ "మూడయిందిరా" అన్నాడు. పిన్నులు రెండూ కిరసనాయిలు ట్రేలో వేసి నిలబడ్డాను.

ఆ రోజు ఆయన చేసిన ప్రార్థన నేను మర్చిపోలేను. రెండు చేతులూ ఇంజను మీద పెట్టి, తన కళ్ళ గురించి దేవునితో మాట్లాడాడు. ఇన్నేళ్ళు నీ పేరు చెప్పుకుని పని చేశాను, ఈ పనిలో నీకు నింద రానియ్యకు ప్రభువా, అన్నాడు. కన్నీళ్ళు ఇంజను మీద పడ్డాయి. ఆయన అలా ఏడవడం మా నాన్న పోయిన రోజు తర్వాత చూడలేదు. నాకూ కన్నీళ్ళు ఆగలేదు. ఆమెన్ అన్నాక షెడ్డంతా తేలికైపోయినట్టు అనిపించింది. అలాంటి ప్రార్థన అయ్యాక ఇంకేమీ మిగల్లేదనిపిస్తుంది, మా వాళ్ళకు ఈ అనుభవం తెలుసు. నేను ప్యాకింగు పెట్టి, ఆయిలు చాంబరు మూసి, చుట్టూ బోల్టులు బిగించాను. సాయంత్రానికి ఇంజను తిప్పి, రైతు కట్టించి తెచ్చిన చాసిస్‌లో దించాం.

మర్నాడు పొద్దున ట్రే కడుగుతుంటే అడుగున రెండు పిన్నులు కనపడ్డాయి.

బావ ఇంకా బస్సు దిగలేదు. నేను వాటిని చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పొట్లంలో ఎప్పుడూ నాలుగైదు ఎక్కువే వస్తాయి, ఇవి ఆ మిగిలినవే అనుకున్నాను. తేల్చుకోవాలంటే ఇంజను మళ్ళీ పైకెత్తి చాంబరు విప్పాలి. బావ అంతగా ఏడ్చి ప్రార్థించిన దాన్ని విప్పడం అవిశ్వాసం కాదా అనుకున్నాను. రైతు పదింటికి వస్తానన్నాడు. షెడ్డు వెనక్కి వెళ్ళి ప్రార్థన చేశాను. మనసు నెమ్మదించింది. ఆ నెమ్మదిని దేవుని జవాబు అనుకున్నాను. పిన్నులు డబ్బాలో వేసేశాను.

రైతు కొబ్బరికాయ, నిమ్మకాయలు తెచ్చాడు. "మీరేమీ అనుకోకపోతే కాయ కొడతానండీ," అన్నాడు మొహమాటంగా.

"కొట్టుకోవయ్యా, నీ బండి నీ ఇష్టం. చిప్ప మాత్రం కార్బురేటరు దగ్గర పెట్టకు, పీచు లాగేస్తుంది," అన్నాడు బావ.

ఇంజను రెండో తిప్పుకే అందుకుంది. రెండు కార్బురేటర్ల గొంతు ఒకేసారి లేచేసరికి రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు. బావ కళ్ళు మూసుకుని, తల వంచి విన్నాడు. ఆయన ముఖం చూసి నేను డబ్బా సంగతి మర్చిపోయాను. వారం రోజులు నెమ్మదిగా నడిపాం. ఏమీ కాలేదు. నాకు ధైర్యం వచ్చింది.

ఎనిమిదో రోజు బంటుమిల్లి దగ్గర చెరువుల మధ్య తిన్నటి రోడ్డు మీద వేగం చూద్దామన్నాడు రైతు. ఆయన నడిపాడు. పక్కన బావ కూర్చున్నాడు. నేను కల్వర్టు దగ్గర నిలబడ్డాను. రెండుసార్లు నా ముందు నుంచి దూసుకెళ్ళారు. మూడోసారి వస్తుండగా టకటకమని శబ్దం మొదలై, నేను చెయ్యి ఎత్తేలోపలే ఫట్‌మంది. బండి చెరువు గట్టు దాకా జారి ఆగింది. వెనకాల రోడ్డు పొడుగునా నల్లటి ఆయిలు.

ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. ఇంజను పక్క పగిలి అరచెయ్యంత కన్నం పడింది. నాలుగో రాడ్డు లోపల విరిగి అడ్డంగా ఉంది. చుట్టూ చెరువుల మీది మనుషులు మూగారు. రైతు ముఖం తెల్లబోయింది.

"ఆయనకు కళ్ళు కనపడటం లేదని నాకు పదిమంది చెప్పారండి. నేనే వినలేదు," అన్నాడు నాతో. బావ అక్కడే ఉన్నాడు.

బావ వంగి, వేడి తగ్గకముందే కన్నంలోకి వేళ్ళు పెట్టాడు. ఊడిన తెల్లలోహం ముక్క తీసి గోటితో తడిమాడు. "నా పోత పట్టలేదు," అన్నాడు. "తప్పు నాదేనయ్యా. మా బామ్మర్దికి సంబంధం లేదు."

నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

వారం తిరక్కముందే ఆ మాట గుడివాడ నుంచి బందరు దాకా వెళ్ళింది. పడవ ఇంజను రాడ్లు పోతకు ఇచ్చి వెళ్ళిన నాగాయలంక అతను అది విని వచ్చి వాటిని తిరిగి పట్టుకెళ్ళాడు. బావ తన గీకుడు పనిముట్లు నూనె గుడ్డలో చుట్టి ఇంటికి తీసుకెళ్ళాడు. షెడ్డుకు రావడం మానేశాడు. ఆదివారాలు మాత్రం వచ్చేవాడు. నేను సంఘ పెద్దను. నెల మొదటి ఆదివారం ప్రభు భోజనపు రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల మధ్య నడుస్తాను. బావ ముందుకు వచ్చేసరికి ఆయన తల వంచుకుని ఉండేవాడు. చెయ్యని తప్పు ఒప్పుకున్నవాడి ముందు, చేసిన తప్పు ఒప్పుకోని నేను పళ్ళెం చాపేవాణ్ణి. ఆరు నెలలు అలా చేశాను. సహోదరునితో ముందు సమాధానపడి తర్వాత అర్పణ తెమ్మన్న ఆజ్ఞను ఇతరులకు వివరించి చెప్పాను కూడా. ఏడో నెల పళ్ళెం పట్టుకోలేకపోయాను. ఒంట్లో బాగాలేదని చెప్పి వెనక కూర్చున్నాను. మర్నాడు బందరు బస్సెక్కాను.

బావ వరండాలో కూర్చుని ఉన్నాడు. అక్క చేటలో బియ్యం ఏరుతోంది. "ఏంట్రా తమ్ముడూ, సోమవారం పూట షెడ్డు మూసి వచ్చావు?" అంది.

"బావా, నాలుగో రాడ్డుకు పిన్నులు వెయ్యలేదు నేను," అన్నాను. "మూడయిందన్నావు, ట్రేలో వేశాను. ప్రార్థన అయ్యాక మర్చిపోయి మూసేశాను. నీ పోతలో తప్పు లేదు."

అక్క చెయ్యి చేటలో ఆగిపోయింది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"మర్నాడు పొద్దున. ట్రేలో కనపడ్డాయి."

"అంటే బండి రోడ్డెక్కక ముందే."

"అవును."

"నేను కూర్చున్నాను కదరా ఆ బండిలో."

అక్క చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆరు నెలలుగా నేను బావ పేరు గురించే కుమిలాను. ఆయన ఆ సీటులో కూర్చున్న సంగతి, నేను కల్వర్టు దగ్గర నిలబడి చూసిన సంగతి, ఆ మాట వినేదాకా నా మనసు దగ్గరికే రానివ్వలేదు.

"రోజూ మనసులో ఆ లోహమే పోస్తున్నాను నేను," అన్నాడు బావ, నన్ను చూడకుండా. "పడుకున్నా అదే, లేచినా అదే. పుల్ల నల్లబడిందా లేదా, రాడ్డు వేడెక్కాకే పోశానా లేదా. ఎక్కడ తప్పానో దొరక్క చచ్చిపోతున్నాను."

"క్షమించు బావా."

"క్షమించానురా. క్షమించకపోతే మనకు కుదరదు కదా." లేచి నిలబడి, "ఇంక వెళ్ళు. బస్సు టైమయింది," అన్నాడు. బస్సుకు ఇంకా చాలా సమయముంది.

తర్వాతి ఆదివారం సంఘం ముందు నిలబడి జరిగినదంతా చెప్పాను. పెద్దరికం వదులుకున్నాను. రైతుకు ఫోను చేసి చెప్పాను. "పోనీలెండి మేస్త్రీ గారూ, ఆ ఇంజను తుక్కు కింద వేసేశాను. ఇప్పుడు ఎవరిదైతే ఏంటి," అన్నాడాయన. ఆ రోజు చెరువు గట్టు దగ్గర మూగిన మనుషుల దగ్గరకూ వెళ్ళాను. కొందరు విన్నారు. కొందరు బావను కాపాడటానికి నేను అబద్ధమాడుతున్నానని అనుకున్నారు.

బావ ఇప్పుడు ఆదివారాలు కూడా రావడం లేదు. బందరులోనే వేరే సంఘానికి వెళ్తున్నాడని అక్క చెప్పింది. పోయిన నెల ఒక పాత పంపు ఇంజను రాడ్లు పట్టుకుని ఆయన దగ్గరకు వెళ్ళాను. గోరు పెట్టి తడిమాడు. మళ్ళీ తడిమాడు. "తెలియట్లేదురా," అని నా చేతిలో పెట్టేశాడు. నిజం తెలిసినా ఆయన తన చేతిని తానే నమ్మడం లేదు. అది నేను చేసింది.

చదువుతున్న సహోదరీ సహోదరులారా, నా కోసం ప్రార్థించమని అడిగే ముఖం నాకు లేదు. ఆయన కోసం అడుగుతున్నాను. చేతిలో ఉన్నది కింద పెట్టి, ఒక్క నిమిషం నాతో కలిసి ఇలా అనండి: ప్రభువా, నిరపరాధి మోసిన నిందను ఆయన మీద నుంచి తీసెయ్యి. ఆ వేళ్ళకు మళ్ళీ ధైర్యమివ్వు. మనసుకు కలిగిన ప్రతి నెమ్మదినీ నీ స్వరమని పొరబడకుండా మమ్మల్ని కాపాడు. ఆమెన్.