తీసెయ్యమన్న ప్రశ్న

మా నాయిన తాండూరుల బండల పాలిష్ మిషన్ మీద పనిచేసేటోడు. దగ్గు పట్టుకున్నంక పని మాని, ధారూర్ దగ్గర మా ఊర్లె ఉంటున్నడు. ఊపిరితిత్తులు పరీక్ష చేయించాలె, హైదరాబాద్ పెద్దాసుపత్రికి తీస్కపోండ్రి అని తాండూరు డాక్టరు చెప్పి నెలలు గడిచినయి. నాయిన కదలడు. "కందులు కోసినంక పోదాం" అంటడు. కోసినంక "అమ్మినంక" అంటడు. మొండితనంల నేనూ ఆయన బిడ్డనే, అయినా ఆయన ముందర ప్రతిసారి నేనే ఓడిపోయేది.

నేను వికారాబాద్‌ల నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్పుకుంట పీహెచ్‌డీ చేస్తున్న. అది కూడ గా మిషన్ల దుమ్ము గురించే. పనోళ్లకు ఊపిరి తోటి ఎంత ఇబ్బంది ఉందో కొలిచేందుకు కొన్ని ప్రశ్నలు తయారుచేసిన. దగ్గు వస్తదా, మెట్లు ఎక్కితే ఆయాసమై దమ్ము వస్తదా, వెల్లకిలా పండుకుంటే దమ్ము వస్తదా, గిట్లాంటివి. ప్రతిదానికి 'ఎప్పుడూ లేదు' నుంచి 'ఎప్పుడూ ఉంటది' దాక జవాబులు. అందర్నీ అడిగే ముందు, ప్రశ్నలు అర్థమైతున్నయా లేదా అని మొదలు నాయిననే కూసోబెట్టి అడిగిన. దగ్గు అప్పుడప్పుడు అన్నడు. మెట్లంటే జర అన్నడు. వెల్లకిలా పండుకుంటే అనంగనే "ఎప్పుడూ లేదు, రాస్కో" అని గట్టిగ చెప్పిండు. గా ఒక్క జవాబు పట్టుకొనే అమ్మ, నేను ధైర్యంగ ఉన్నం. పండుకుంటే ఊపిరాడకపోవుడు రోగం ముదిరినదానికి గుర్తు. అదే లేదంటే ఇంక టైం ఉన్నట్టే అనుకున్నం.

తాండూరు పనోళ్ల జవాబులన్నీ వికారాబాద్ రూముల కూసొని కంప్యూటర్‌ల ఎక్కించిన. ప్రశ్నలన్నీ కలిసి ఒకే సంగతిని కొలుస్తున్నయా, దేని దారి దానిదేనా అనేది సాఫ్ట్‌వేర్ ఒక్క అంకెల చెప్తది. దాన్ని ఆల్ఫా అంటరు. నాది రావాల్సినంత రాలే. ఏ ప్రశ్న తీసేస్తే ఆల్ఫా ఎంతైతదో కింద ఇంకో పట్టిక ఇస్తది. మిగిలినయన్నీ ఒక్క మాట మీదున్నయి, వెల్లకిలా పండుకునే ప్రశ్న ఒక్కటే మైనస్ గుర్తు పెట్టుకొని, మిగిలినదానికి ఉల్టా పోతున్నది. దాన్ని తీసేస్తే ఆల్ఫా సరిపోయేంత వస్తది.

నాకు తలకాయ గరమైంది. అంకెలు తిరగేసి ఎక్కించిన్నేమో అని ఫారాలన్నీ మళ్ల చూసిన, సరిగనే ఉన్నయి. గైడ్ సారుకు ఫోన్ చేస్తే "తీసెయ్యమ్మా, ఎవరైనా అదే చేస్తరు" అన్నడు. సారు చెప్పింది తప్పేం కాదు. కాని ఫారాలు పక్కపక్కన పెట్టుకుంటే ఒకటి కనపడ్డది. దగ్గు, ఆయాసం బాగ ఉందన్నోళ్లే గీ ప్రశ్నకు 'ఎప్పుడూ లేదు' అన్నరు. తక్కువున్నోళ్లేమో 'అప్పుడప్పుడు' అన్నరు. ఇదేం ఇచ్చంత్రమని తెల్లారి బండెక్కి తాండూరు పోయిన.

అట్ల చెప్పినోళ్లల్ల ఒకాయన ఇంటికి పోతే ఆయన లేడు, భార్య ఉంది. సేడం దిక్కు మనిషి, తెలుగుల కన్నడం కలిసి వస్తది. మీ ఆయనకు వెల్లకిలా పండుకుంటే దమ్ము రాదట, నిజమేనా అని అడిగిన. ఆమె నన్ను వింతగ చూసింది.

"ఆయన ఏడ పండుకుంటడమ్మా? ఎనక కందుల బస్తా పెట్టుకొని గోడకు ఒరిగి కూసుంటడు. నిద్ర కూడ గట్లనే. పండుకుంటనే లేడు, ఇంక దమ్ము ఎట్లొస్తది?"

పక్కిండ్లల్ల అడిగిన. ఆడ కూడ గదే బస్తా, గదే గోడ. మిషన్ పనోళ్లకు అది అలవాటైపోయింది, దాన్ని ఎవ్వరూ రోగం కింద లెక్కపెడ్తలేరు.

మా ఇంట్ల నాయిన మంచం గోడకు ఆనించి ఉంటది, ఎనక చుట్టిన బొంత ఉంటది. టీవీ మంచిగ కనపడ్తదని గట్ల కూసుంట అనేటోడు. టీవీ చూసుకుంటనే నిద్రపోయిండని మేం నవ్వుకునేటోళ్లం.

వాపసు వచ్చుకుంట ధారూర్‌ల దిగి సీదా ఇంటికి పోయిన. అమ్మ వాకిట్ల కందులు చెరుగుతున్నది. నాయిన మంచం మీద ఉన్నడు. ఆయన ఎనకాల బొంత గుంజి పక్కకు పెట్టిన.

"నాయిన, జర వెల్లకిలా పండుకో."

"గిప్పుడెందుకు బిడ్డ, పగటీలి?"

"నా కోసం పండుకో."

నవ్వబోయి, నా మొఖం చూసి మెల్లగ ఒరిగిండు. వీపు మంచానికి ఆనిందో లేదో, చెయ్యి మంచం పట్టెను గట్టిగ పట్టుకుంది. నోరు తెరుచుకుంది, మెడ నరాలు తేలినయి. వీపు కింద చెయ్యేసి లేపి కూసోబెట్టిన. అమ్మ చేట కింద పెట్టి వచ్చి గడపల నిలబడ్డది.

దమ్ము కూడినంక కూడ ఆయన నా దిక్కు చూడలే. "ఎప్పుడూ లేదని రాస్కున్నవు గద," అన్నడు. "గట్లనే ఉండనీ బిడ్డ."

ఆయనకు తెలుసు. పరీక్షల ఏం తేల్తదో అన్న భయానికే ఇన్నాళ్లు కందుల పేరు చెప్పిండు. నాకు మస్తు కోపమొచ్చింది, గా కోపంలనే ఏడుపొచ్చింది. "గట్ల ఉండనియ్యను నాయిన. రేపు పొద్దుగాల హైదరాబాద్ పోతున్నం" అన్న.

ఆయన కాదనలే. అమ్మ లోపలికి పోయి, సంచి దులిపి, ఆయన అంగీలు మడతపెట్టుడు మొదలువెట్టింది.