రాయపూర్ పోవాల్సిన బండి కర్ర లైన్లో

ఆ రోజుల్లో మా వైపు లారీ డ్రైవర్లు రెండు రకాలు. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తినేవాళ్లు ఒక రకం, ఏ రాష్ట్రంలో ఆకలేస్తే ఆ రాష్ట్రంలో తినేవాళ్లు రెండో రకం. నేను మొదటి రకం. దమ్మపేట చుట్టుపక్కల తోటల్లో కొట్టిన జామాయిల్ కర్రను గోదావరి బ్రిడ్జికి ఇవతలున్న కాగితం మిల్లుకు చేరవేయడం నా పని. నాలుగేళ్లు అదే రోడ్డు, అవే గుంతలు. ఏ గుంత ఏ వానకు పుట్టిందో, ఏ ఊళ్లో ఏ కుక్క టైరు వెంట పడుతుందో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాణ్ని. ఈ పాండిత్యం మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది. కానీ నేషనల్ పర్మిట్ బండ్ల వాళ్లు హోటల్లో నా పక్కనే కూర్చుని, నిన్న నాగపూర్‌లో ఒకటే వాన అని మామూలుగా అనేసరికి ఆ గర్వం కాస్తా దిగిపోయేది. (నిన్న ములకలపల్లిలో కూడా వాన పడింది. కానీ ఆ మాట ఎవరితో అంటాం?)

అందుకే మా బావ ఖమ్మం మిర్చి యార్డులో తనకు తెలిసిన ఒక లారీల సేటుతో మాట్లాడి, లైన్ బండి, అంటే రాష్ట్రాలు దాటి పోయే బండి మీద రెండో డ్రైవరుగా ఒక ట్రిప్పు కొట్టి చూపించమన్నారని చెప్పినప్పుడు నేను నేల మీద లేను. ఒక్క ట్రిప్పు. మిరపకాయల లోడుతో రాయపూర్ పోయి రావాలి. పక్కన ఉండే పెద్ద డ్రైవరు సరే అంటే ఉద్యోగం, కాదంటే మళ్లీ కర్ర. ఇంత చిన్న మెలిక ఉందన్న సంగతి నేను ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం వచ్చేసిందనే చెప్పాను. రాయపూర్ ఎక్కడుందని అమ్మ అడిగితే, ఢిల్లీకి కొంచెం ఇవతల అన్నాను. (నాకు తెలిస్తే కదా.) అంతటితో ఆగినా బాగుండేది. ఆఖరి కర్ర లోడు దింపిన రోజు మిల్లు ముందు లైన్లో ఉన్న మా డ్రైవర్లందరినీ చాయ్ కొట్టు దగ్గర పోగేసి, తలా రెండు మిరపకాయ బజ్జీలు పెట్టించి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. మీరంతా నాకు అన్నదమ్ముల్లాంటి వాళ్లు, కానీ మనిషన్నాక ఎదగాలి, బతుకంతా ఈ గోడ పక్కన లైన్లో నిలబడితే ఎట్లా అని దాని సారాంశం. బజ్జీలు తింటున్నారు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. అందరిలోకీ పెద్దవాడు, మేము పర్ణశాల మామ అని పిలిచే డ్రైవరు మాత్రం మూతి తుడుచుకుని, "పైలంగ పోయి రా అల్లుడా, ఆడ నీళ్లు మారితే కడుపు పాడైతది" అన్నాడు. అంత గొప్ప ఉపన్యాసానికి దక్కిన జవాబు అది.

పెద్ద డ్రైవరు ఖమ్మం ఆయనే. ముప్పై ఏళ్లుగా లైన్ మీద ఉన్నవాడు. అందరూ ఉస్తాద్ అంటారు. తెల్లటి గడ్డం, ఇస్త్రీ చేసిన చొక్కా, తక్కువ మాట. ఇన్నేళ్లలో బండి మీద ఒంట్లో బాగాలేదని ఒక్కసారి కూడా అనలేదని ఆయన గురించి యార్డంతా చెప్పుకునేవారు, ఆయన కూడా చెప్పుకునేవాడు. పొద్దున ఖమ్మంలో లోడు కట్టుకుని బయలుదేరాం. పాల్వంచ దాకా ఆయనే తోలాడు. అక్కడ మెస్సులో అన్నం తిన్నాక స్టీరింగ్ నా చేతికిచ్చి, రోడ్డు వదలకుండా సీదా పొమ్మని, బ్రిడ్జి దాటి భద్రాచలం వచ్చాక లేపమని, చింతూరు ఘాట్ రోడ్డు తాను తోలతానని చెప్పి వెనక బల్ల మీద పడుకున్నాడు. నిమిషంలో గురక.

ఇక నా దర్జా చూడాలి. ఆ రోడ్డు మీద నాలుగేళ్లు తిరిగినవాణ్నే అయినా, ఆ రోజు రోడ్డు నాకు కొత్తగా కనబడింది. దారిలో ఒకావిడ చెయ్యెత్తితే, ఇది లోకల్ బండి కాదన్నట్టు తల అడ్డంగా ఊపి ముందుకు పోయాను. (ప్రతి వారం ఆమెను సంతకు దింపేది నేనే.) మనసులో హిందీ సాధన చేసుకుంటున్నాను. రాయపూర్‌లో ఎవరైనా ఎక్కడి నుంచి వస్తున్నావని అడిగితే ఏం చెప్పాలి, ఎంత నిర్లక్ష్యంగా చెప్పాలి, చెప్పేటప్పుడు బీడీ చేతిలో ఉండాలా నోట్లో ఉండాలా, ఇలాంటి ముఖ్యమైన విషయాల్లో మునిగిపోయాను. నా ముందు ఒక కర్ర లారీ పోతోంది. అది ఇండికేటరు వేసింది, నేనూ వేశాను. అది తిరిగింది, నేనూ తిరిగాను. అది ఆగింది, నేనూ ఆగాను. ఇంజను ఆపి, దిగి, లుంగీ సర్దుకుని, రోజూ పోయినట్టే చాయ్ కొట్టుకు పోయి బల్ల మీద కూర్చుని, వెనక బండ్లు చేరుతుంటే ఓ గంట ఊహల్లోనే రాయపూర్ తిరిగాను.

ఎదుటివాళ్లు నన్ను వింతగా చూస్తున్నారని కూడా నాకు తోచలేదు. చాయ్ పోసే అక్క గ్లాసు నా చేతికిచ్చింది. సగం తాగాను. అప్పుడామె నా భుజం మీదుగా బండి వైపు చూసి, చాలా మెల్లగా అడిగింది. "ఏం తమ్మీ, ఇప్పుడు మిరపకాయలతోని గూడ కాయితాలు చేస్తున్నరా?"

వెనక్కి తిరిగి చూశాను. ముందు జామాయిల్ కర్ర, వెనక జామాయిల్ కర్ర, మధ్యలో టార్పాలిన్ కప్పుకుని రాయపూర్ పోవాల్సిన మిరపకాయల బండి. వారం కిందట ఉపన్యాసం ఇచ్చిన చోటు అదే. విన్నవాళ్లూ వాళ్లే. సగం చాయ్ ఉన్న గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఎవరో మొదట కిసుక్కుమన్నారు, తర్వాత బల్లలు కదిలేలా నవ్వారు. మేము బొంగురన్న అని పిలిచే ఆయన దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపి, రాయపూర్ గింత దగ్గరున్నదని తెలిస్తే మేం గూడ వచ్చేటోళ్లం గద అన్నాడు. ఇంకొకాయన అక్కడ నీళ్లు పడ్డాయా అని కడుపు ఆరోగ్యం విచారించాడు. నాకైతే ఆ కర్రల మధ్యలో దూరితే నన్ను కూడా మిల్లులో దింపేసుకుంటే బాగుండుననిపించింది.

ఇంతలో గోదావరి వైపు నుంచి గాలి లేచింది. మిరపకాయల ఘాటు లైన్ పొడుగునా పాకింది. ఇరవై మంది డ్రైవర్లు ఒకేసారి తుమ్మడం మొదలుపెట్టారు. ఆ చప్పుడుకు ఉస్తాద్ లేచాడు. కిందికి దిగి ముందుకు చూశాడు, వెనక్కి చూశాడు, కాసేపు గోడను కూడా చూశాడు.

"బేటా, యాడున్నం మనం?"

"మిల్లు కాడ ఉస్తాద్."

"మన లోడేంది?"

"మిర్చి."

టార్పాలిన్ తాడు ఒకసారి లాగి చూసుకున్నాడు. తిట్టినా బాగుండేది. నా ఉద్యోగం పోయిందని నాకు అర్థమైంది. ఏడుపొచ్చింది. నవ్వుతాలుకు కాదు, నిజంగానే వచ్చింది. అదే సమయానికి ఆయన ఫోను మోగింది. సేటు. బండికి పెట్టిన జీపీఎస్‌లో గంట నుంచి చుక్క కదలడం లేదట. ఉస్తాద్ నా మొహం చూసి, జవాబు చెప్పకుండానే కట్ చేసి జేబులో పెట్టుకున్నాడు.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ లైన్‌కు ఒక పక్క గోడ, ఒక పక్క లోతు కాలువ. బండి తిప్పుకోవడానికి చోటుండదు. గేటు దాకా పోయి తిరగాలంటే సాయంత్రం దాటుతుంది. లేదంటే నా వెనకున్న ఎనిమిది బండ్లు రివర్సులో మెయిన్ రోడ్డు దాకా పోవాలి. పోతే వాళ్ల నంబరు పోతుంది. మళ్లీ లైన్ చివర చేరాల్సిందే, ఆ రోజుకు కర్ర దిగదు. ఆ లైన్లో నంబరు కోసం అన్నదమ్ములు కొట్టుకోవడం నేను చూశాను. నేను కూడా ఒకసారి కొట్టుకున్నాను. అందుకే నోరు తెరిచి అడగలేదు. పర్ణశాల మామ బండి నా వెనకదే కాబట్టి మొదట ఆయనే లేచాడు. ఒక్కొక్క బండి దగ్గరికీ పోయి ఏదో చెప్పాడు. ఒకాయన గొణిగితే మాత్రం గట్టిగానే అన్నాడు. "నంబరు పోతే పోనీ, రేపు దిగుతది. కర్ర కుళ్లిపోతదా ఏంది? పోరడు బజ్జీలు పెట్టిండు."

ఎనిమిది బండ్లు ఒకదాని వెనక ఒకటి వెనక్కి జరిగాయి. జరుగుతున్నంతసేపూ తిడుతూనే ఉన్నారు, తుమ్ముతూనే ఉన్నారు, కానీ జరిగారు. మా బండి మెయిన్ రోడ్డెక్కేసరికి వాళ్లంతా రోడ్డు పక్కన వరసగా నిలబడి చేతులూపారు. నేను సిగ్గుతో చచ్చిపోతూ అద్దం పైకెత్తుకుని, ముందుకే చూస్తూ బండి పోనిచ్చాను.

బ్రిడ్జి ఎక్కాక ఫోను మళ్లీ మోగింది. ఉస్తాద్ ఈసారి జవాబిచ్చాడు. పాల్వంచ దాటినంక నాకు కండ్లు తిరిగినయ్ సేటూ, బండి పక్కకు పెట్టిచ్చిన, కొత్త డ్రైవరు మంచిగ చూసుకున్నడు అని చెప్పి పెట్టేశాడు. ముప్పై ఏళ్ల పేరు ఒక్క ఫోనుతో అయిపోయింది. నేను ఏదో అనబోయాను.

"నీ కోసం కాదు బేటా," అన్నాడాయన రోడ్డు వైపే చూస్తూ. "ఎనిమిది మంది నంబర్లు ఇడిచి నిన్ను బైటికి తీసిన్రు. నేను మల్ల తీస్కపోయి గాడ్నే దింపితే ఏం బాగుంటది?"

అలా నాకు ఉద్యోగం వచ్చింది. తర్వాత దేశమంతా తిరిగాను. రాయపూర్ ఢిల్లీకి ఇవతల కాదని కూడా తెలుసుకున్నాను. టోల్ గేట్ల దగ్గర, యార్డుల్లో, ఘాట్లలో, లెక్కలేనన్ని చోట్ల ఇరుక్కున్నాను. ప్రతి చోటా వెనక బండ్లవాళ్లు హారన్ కొట్టారు. వెనక్కి జరిగినవాళ్లు మాత్రం ఇప్పటిదాకా ఒక్కరు కూడా తగల్లేదు. ఎక్కడైనా అలా ఇరుక్కున్నప్పుడు, అద్దం ఎత్తుకుని రాజులా పోయిన ఆ పాతికేళ్ల పెద్దమనిషి గుర్తొస్తాడు, నవ్వొస్తుంది. దేశం చూడ్డానికి అంత తొందరపడ్డవాడు, ఒక్కసారి పక్కకు చూసి చెయ్యి ఊపితే ఏం పోయేది.