బాబాయి పాటకు వచ్చిన పరామర్శ

1967 శ్రావణమాసం, రెండో ఆదివారం, సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు బాబాయి పాట మొదలైంది. ఐదింటికే మొదలుకావలసింది, పిలిచినవాళ్ళ కోసం పది నిమిషాలు ఆగాం. నాంపల్లిలో మా వీధి ఆ కాలంలో ఎలా ఉండేదంటే, ఒక ఇంట్లో పాట పెడితే అది అందరి ఇళ్ళలోనూ పెట్టినట్టే. బందరు నుంచి వచ్చి అక్కడ ఉండబట్టి పదేళ్ళయింది (మేం వచ్చింది 1957లో), అయినా ఆ వీధి పద్ధతులు మాకు పూర్తిగా తెలియవని ఆ సాయంత్రమే తెలిసింది.

మా బాబాయి కోర్టులో గుమాస్తా. భోజనప్రియుడు, నవ్వించే మనిషి. పాట దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఇంకెవరో అయిపోయేవాడు. తనే రాసి, తనే బాణీ కట్టి, తనే పాడేవాడు. ఆ పాటల్లో దీపాలు ఆరిపోయేవి, పడవలు తిరిగి వచ్చేవి కావు. ("ఒక్క పడవనైనా ఒడ్డుకు చేర్చరా" అని నాయనమ్మ బతిమాలేది.) దాచుకున్నదంతా పట్టుకుని మద్రాసు వెళ్ళి, ఎనిమిది పాటలతో ఒక పెద్ద రికార్డు చేయించుకొచ్చాడు. ఆబిడ్స్‌లో రికార్డుల దుకాణం సేఠ్ మొహమాటానికి కొన్ని కాపీలు పెట్టుకున్నాడు. వారం తర్వాత బాబాయి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, విన్నవాళ్ళు ఏమంటున్నారని అడిగాడు.

"ఏమంటరు సాబ్. ఒకాయన విని, మిషన్ స్పీడు తగ్గినట్టుంది, జర చూడున్రి అన్నడు. ఒక కాలేజి పోరడు రెండు పాటలిని మంచినీళ్ళడిగిండు. గన్‌ఫౌండ్రీల బ్యాంకు ఆయన భార్య గొంతు మంచిగుందన్నది."

"మరి కొన్నదా?"

"శ్రావణమాసంల ఇంట్లకు ఏడుపు ఎట్ల తీస్కపోదునయ్యా అన్నది."

బాబాయి అందులోంచి "గొంతు మంచిగుంది" అన్న ముక్క ఒక్కటే ఏరుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఉద్యోగం మానేసి మద్రాసులోనే ఉండిపోతానని ఆ రాత్రే నాన్నతో చెప్పాడు. నాన్న కోపగించుకోలేదు, ఒక షరతు పెట్టాడు. "ఆదివారం ఇంట్లో పెట్టు. మనవాళ్ళు కాకుండా బయటి మనిషి ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, రెండు వైపులా చివరిదాకా వింటే వెళ్ళు. లేకపోతే ఈ ఏడుపు కట్టిపెట్టి కోర్టుకు వెళ్ళు." సాక్షిని నేను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. ఇంట్లో గడియారం తప్పు చూపిస్తోందని పట్టుకునేది నేనే కనుక ఆ గౌరవం దక్కింది.

ముందుగది చిన్నది. మంచాలూ కుర్చీలూ బయట వసారాలో వేసి, నేలమీద జంపఖానా పరిచాం. కిటికీలు తెరిచాం. బాబాయి తన ఆఫీసువాళ్ళను పిలిచాడు, ఒక్కరూ రాలేదు. చివరికి అరువు తెచ్చిన గ్రామఫోను మీద రికార్డు పెట్టి, చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. మొదటి పాట సగం కాకముందే వీధిలో రేడియోలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రెండో పాటకు పక్కింటివాళ్ళు తలుపు దగ్గర చెప్పులు విడిచి, ఎవరినీ పలకరించకుండా వచ్చి కూర్చున్నారు. వాళ్ళ వెనకే ఇంకో నలుగురు. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎదురింటి తాళాల పెద్దమ్మ (నడుముకు తాళాల గుత్తి లేకుండా ఆవిడను చూసినవాళ్ళు లేరు) మొదటి పాట తన గుమ్మంలోంచే విని, మూత పెట్టిన గిన్నెతో వచ్చి, అది మా అమ్మ చేతిలో పెట్టి, ఆమె భుజం నిమిరి, ఒక మూల కూర్చుంది. బాబాయి ముఖం వెలిగిపోతోంది. నాన్న ముఖంలో రంగు లేదు. పిలవకుండా ఇంతమంది వచ్చి కన్నీళ్ళు పెట్టుకుంటుంటే ఏమనగలడు?

మొదటి వైపు అయిపోయింది. ఆ నిశ్శబ్దంలో పెద్దమ్మ మెల్లగా అడిగింది. "ఎప్పుడు పోయింది బిడ్డా? నిన్న సందేళ మంచిగనె ఉండె గద."

"ఎవరండీ?" అంది అమ్మ.

సరిగ్గా అప్పుడే వెనకగదిలో నిద్రలేచిన నాయనమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి, నిండిన గదిని చూసి కంగారుపడింది. "ఎవర్రా పోయింది? నాకు చెప్పరేం?"

మంచాలు బయట, జంపఖానా లోపల, కిటికీలోంచి ఏడుపు. చావు జరిగిన ఇంటికి ఆ వీధిలో ఇంకో గుర్తు అక్కర్లేదు. విషయం తెలిశాక ఒకరొకరే లేచారు.

"పాటనా గిది?"

"పప్పు పొయ్యి మీద ఇడ్సిపెట్టి ఉరికొస్తి. మాడిపోయుంటది."

"బతికున్న ముసలామెను పెట్టుకోని గివేం పాటలయ్యా."

గది ఖాళీ అయింది. నాన్న గొంతు తగ్గించి, "చూశావుగా. నీ పాటకు రాలేదురా, మన అమ్మ పోయిందనుకుని వచ్చారు" అన్నాడు. బాబాయి రికార్డు తీయడానికి చెయ్యి చాపాడు.

"ఆగు బిడ్డా" అంది మూలనుంచి పెద్దమ్మ. ఆవిడ లేవనేలేదు. "దానికి ఎనుక దిక్కు గూడ ఉంటది గద?"

"ఉందండీ. ఇంకో నాలుగు పాటలు."

"పెట్టు."

"మీకెందుకమ్మా శ్రమ" అన్నాడు నాన్న. "ఎవరూ పోలేదుగా."

"మీ ఇంట్ల పోలే" అంది ఆవిడ. "మా ఆయన పోయిన్నాడు వచ్చినోళ్ళకు చాయ్‌లు, సుట్టాలకు జాగలు, అన్ని నేనే చూస్కుంటి. ఏడ్వనీకె తీరలే. పెట్టు బిడ్డా."

బాబాయి రికార్డు తిరగేశాడు. సూది ఒకసారి గీసుకుంది. ఆవిడ తల గోడకు ఆనించి, చప్పుడు చేయకుండా చివరిదాకా ఏడ్చింది. పాట ఆగాక ముఖం తుడుచుకుని, "జర నిమ్మళమైంది" అని చెప్పి, రోడ్డు దాటి వెళ్ళిపోయింది. చావింటికని తెచ్చిన అన్నం వాపసు తీసుకుపోకూడదని గిన్నె వదిలేసింది. దాన్ని ఏంచేయాలో తెలియక అమ్మ చూస్తుంటే, "నా పేరున వచ్చింది, నేనే తింటాను" అని నాయనమ్మ కంచం తెచ్చుకుంది.

నాన్న నావైపు చూశాడు. ఆరు దాటి రెండు నిమిషాలు, బయటి మనిషి ఒకరు, చివరిదాకా, అని చెప్పాను. నాన్న మాట తప్పలేదు. దసరాకు ముందే బాబాయి నాంపల్లి స్టేషన్లో రైలెక్కాడు. మద్రాసులో నాలుగేళ్ళు పదిమంది వెనక నిలబడి కోరస్ పాడి, చిక్కిపోయి తిరిగొచ్చి, పిల్లలకు సంగీతం చెప్పుకుని బతికాడు. రెండో రికార్డు రాలేదు. దాని గురించి ఆయన బాధపడగా నేను చూడలేదు.

పోయినవి ఇవి. బాబాయి సర్కారు ఉద్యోగం, దానికి రావలసిన పింఛను. ఆ తర్వాత నాయనమ్మ, పెద్దమ్మ, నాన్న, అమ్మ, చివరికి బాబాయి. ఆ ఇల్లు. ఇళ్ళు మారడంలో రికార్డు. ఎనిమిది పాటలు. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరు ఎప్పుడు లేచారో నిమిషాలతో సహా ఇప్పటికీ చెప్పగలను. పాటల్లో ఒక్క చరణం కూడా చెప్పలేను. ఆ గదిలో అంత శ్రద్ధగా కూర్చుని, వినకుండా లేచిన పంతొమ్మిదేళ్ళ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కాసేపటికి ఆగిపోతుంది.