తండ్రిని చూపించమనే అంకుల్

వైటూకే పని మీద సిడ్నీ వెళ్లి వెస్ట్‌మీడ్‌లో అద్దెకున్నప్పుడు, మా పై ఫ్లాట్‌లో కర్నూలు డాక్టర్ అంకుల్ ఉండేవారు. అరుదైన సముద్రపు గుర్రాల్ని ఇంట్లో పెంచాలని ఆయన కోరిక. ఏ చేపల కొట్టుకెళ్లినా ఆయనది ఒకటే ప్రశ్న: "వేర్ ఈజ్ ద ఫాదర్?"

ఈ గుర్రాల్లో పిల్లల్ని మోసి కనేది మగది. తండ్రి కనబడకపోతే పిల్లను సముద్రంలోంచి పట్టుకొచ్చినట్టే అని ఆయన లెక్క. మా వైపు పెళ్లి సంబంధాలక్కూడా ఇంత విచారణ ఉండదు.

ఒకసారి మా పేట కొట్టాయన అరుదైన పొట్టిమూతి రకమంటూ ఒకటి చూపించాడు. అంకుల్ కళ్లజోడు నుదుటికెత్తి, దాని నెత్తి మీది కిరీటంలాంటి బుడిపె నుంచి మూతి దాకా పరీక్షించారు.

"ఇది మామూలు బొజ్జరకం పిల్ల, బాబూ. పెద్దదైతే నా మాదిరే పొట్టొస్తాది," అని ఖాళీ చేతుల్తో బయటికొచ్చారు.

చివరికి క్రాన్‌బర్న్ అనే దూరపు ఊళ్లో ఒక పెంపకందారు ఇంట్లో, కన్నతండ్రి సాక్షిగా, అసలైన పొట్టిమూతి జత దొరికింది. కొన్నాళ్లకు పిల్లలూ పుట్టాయి. వాటిని ఇవ్వడానికి అంకుల్ నన్ను వెంటబెట్టుకుని మా పేట కొట్టుకే తీసుకెళ్లారు.

కొట్టాయన నవ్వకుండా అడిగాడు: "వేర్ ఈజ్ ద ఫాదర్, డాక్?"

అంకుల్ పర్సు తీసి, మెడిసిన్ చదివే కొడుకు ఫోటోను వెనక్కి జరిపి, నిండు పొట్టతో ఉన్న మగ గుర్రం ఫోటో చూపించారు. కొడుక్కి సీటొచ్చిన రోజున కూడా ఆయన అంత నిటారుగా నిలబడలేదు.

"ఎట్ హోమ్. రెస్టింగ్," అని, నా వైపు తిరిగి గొంతు తగ్గించారు. "బాలింత గదా, బాబూ."